స్టాల్ మనది, లీగు ఎవరిదైతేనేం!

పిల్లల క్రికెట్ లీగులో తినుబండారాల స్టాల్ నడపబోయే తల్లిదండ్రులకు ఒక ఉస్మాన్‌గంజ్ వ్యాపారి అమూల్య సలహాలు

ఎండాకాలం సెలవులు రాగానే హైదరాబాద్‌లో జానెడు జాగా కనిపించిన చోటల్లా మూడు కర్రలు లేస్తాయి. జీహెచ్‌ఎంసీ వాళ్ల వేసవి శిక్షణ శిబిరాలు ఒక పక్క, కాలనీల వాళ్లు, అకాడమీల వాళ్లు చందాలేసుకుని పెట్టే పిల్లల లీగులు ఇంకో పక్క. లీగన్నాక బంతులు కొనాలి, అంపైర్లకు ఇచ్చుకోవాలి, నీళ్ల క్యాన్లు తెప్పించాలి. ఫీజు కట్టలేని పిల్లలుంటే వాళ్ల తరఫున ఎవరో ఒకరు కట్టాలి. ఆ డబ్బు కోసమే బౌండరీ అవతల ఓ షామియానా, రెండు బల్లలు, వాటి వెనక వంతులవారీగా నిలబడే అమ్మానాన్నలు. చాయ్, సమోసా, నిమ్మకాయ నీళ్లు అమ్ముతారు. లాభమంతా లీగుకే.

ఇది మనం కనిపెట్టిందేమీ కాదు. డల్లాస్‌లో ఉన్న మా బామ్మర్ది కొడుకు బేస్‌బాల్ ఆడతాడు. అక్కడ లిటిల్ లీగ్ అని ఒకటుంది. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ అనే ఆయన మూడు జట్లతో దాన్ని మొదలుపెట్టాడు. ఒక జట్టు పాల డెయిరీ పేరు మీద, ఒకటి కలప కంపెనీ పేరు మీద, మూడోది ప్రెట్జెల్ అనే చిరుతిండి చేసే కంపెనీ పేరు మీద ఆడాయి. ఇప్పటికీ ఆ మైదానాల దగ్గర పాప్‌కార్న్, హాట్‌డాగ్ అమ్మేది ఎక్కువగా పిల్లల తల్లిదండ్రులే. కొన్ని చోట్ల సీజన్ మొదట్లోనే డిపాజిట్ కట్టించుకుని, స్టాల్‌లో వంతు చేశాకే తిరిగిస్తారట. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరైన మా బామ్మర్ది శనివారం పొద్దున్నే ఏప్రాన్ కట్టుకుని ఉల్లిపాయలు తరుగుతాడు. పాపం, వాడికి వ్యాపారం తెలియదు. అందుకే చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు.

మనకా ఖర్మ లేదు. నేను ఉస్మాన్‌గంజ్‌లో పుట్టి, పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, పసుపు బస్తాల మధ్య పెరిగినవాణ్ణి. అటు అఫ్జల్‌గంజ్, ఇటు బేగంబజారు, నాలుగడుగులేస్తే మొజంజాహి మార్కెట్. అలాంటివాణ్ణి పట్టుకుని, స్టాల్‌లో ఎలా నిలబడాలో మా లీగు కమిటీ కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితంలో సమోసా చుట్టి అమ్మేశాను. దానికి బదులుగా అసలైన సూత్రాలు ఇక్కడ ఇస్తున్నాను. కత్తిరించి దాచుకోండి.

1. ‘అంతా నేను చూసుకుంటా’ అనండి

‘శనివారం స్టాల్‌కి ఎవరొస్తారు?’ అని లీగు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడగానే అందరికంటే ముందు మీరే జవాబివ్వాలి. ‘అంతా నేను చూసుకుంటా’ అనాలి. ఏం చూసుకుంటారో మాత్రం చెప్పకూడదు. చెబితే మిగతావాళ్లు మిగిలిన పనులు పంచుకుంటారు. నీళ్లు ఒకరు, గల్లా ఒకరు, ఊడ్చేది ఒకరు అని పట్టిక తయారవుతుంది. పట్టిక వచ్చిందంటే మీరు పాతికమందిలో ఒకరైపోయినట్టే.

గల్లా డబ్బా, కూలర్ బాక్సు, కత్తెర, తాళాలు అన్నీ మీ ఇంట్లోనే పెట్టుకోండి. మ్యాచ్ ఏడు గంటలకైతే మీరు ఎనిమిదింటికి చేరుకోండి. అప్పటిదాకా నలుగురు తల్లులు ఖాళీ బల్ల ముందు నిలబడి మీకు ఫోన్లు చేస్తుంటారు. మనిషి విలువ తెలిసేది అప్పుడే.

మా లీగులో ఒకావిడ ఉంది. అందరూ గుడాలక్క అంటారు. రాత్రి శనగలు నానబెట్టి, తెల్లారి ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెట్టి, ఆ గుడాలు స్టీలు గిన్నెలో పట్టుకొస్తుంది. “అన్నా, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నేనుంట. తర్వాత మా పాప బ్యాటింగు చూస్కోవాలె” అంటుంది. అన్న టైముకు వస్తుంది, అన్న టైముకు పోతుంది. ఇలాంటివాళ్లుంటే మనలాంటివాళ్ల అవసరమే లేకుండా పోతుంది. ఓ కన్నేసి ఉంచండి.

2. సరుకు బస్తాల్లో దించండి

గంజ్‌లో పుట్టినవాడికి చిల్లరగా కొనడం నామోషీ. పిల్లలు అరవై మందే కావచ్చు, బూందీ మాత్రం బస్తాల్లోనే రావాలి. అదీ సొంత దుకాణం నుంచే రావాలి. ఆర్నెల్లుగా కదలకుండా గోడకు ఆనుకుని ఉన్న సరుకుకు పిల్లల లీగును మించిన గిరాకీ దొరకదు. ‘కొన్న ధరకే ఇచ్చాను’ అని గ్రూపులో పెట్టండి. కొన్న ధర ఎంతో మీకొక్కరికే తెలుసు. కింద దండాలు పెట్టే బొమ్మలు వచ్చి పడతాయి.

పిల్లలేం తింటారో అడక్కండి. పన్నెండేళ్ల పిల్లాడు ఎండలో పది ఓవర్లు ఫీల్డింగ్ చేసి వస్తే వాడికి కావలసింది నీళ్లు, ఆ తర్వాత ఇంకాసిని నీళ్లు, ఆ పైన ఒక అరటిపండో, కీరా ముక్కో, పల్లీపట్టీయో. వీటిలో ఏముంది మన గొప్ప? పల్లీపట్టీ డబ్బాల లెక్కన హోల్‌సేల్‌లో దొరుకుతుంది, ఎండకు పాడవదు, మిగిలితే వచ్చే వారం అమ్ముకోవచ్చు. అంత తేలికైన సరుకు పెడితే మన ప్రతిభ ఎవరికి కనిపిస్తుంది?

బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండి అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. మీ లీగు బడి గ్రౌండులో జరిగితే కొలిచే టేపు వెంట తీసుకెళ్లండి. సరిగ్గా 51వ మీటరు దగ్గర బల్ల వేయండి. అక్కడి నుంచి పిల్లల కడుపులు గట్టివైపోతాయి.

గుడాలక్క గిన్నె రెండో ఇన్నింగ్స్ మొదలయ్యే లోపే ఖాళీ అవుతుంది. అందరూ ఆహా అంటారు. నేనొప్పుకోను. సరుకు మిగల్లేదంటే అంచనా తప్పినట్టే. నా బూందీ సీజన్ అయిపోయాక కూడా బస్తాలకు బస్తాలు మిగిలింది. దూరదృష్టి అంటే అదీ.

3. ధర చెప్పకండి, మొహం చూసి అడగండి

ధరల పట్టీ రాసి వేలాడదీయడం చేతగానివాళ్ల పద్ధతి. పట్టీ ఉంటే తొమ్మిదేళ్ల పిల్ల కూడా ముందే లెక్కేసుకుని సరిపడా చిల్లర పట్టుకొస్తుంది. లేకపోతే ప్రతి సమోసాకూ ఒక చర్చ నడుస్తుంది, క్యూ పెరుగుతుంది, దూరం నుంచి చూసేవాళ్లకు వ్యాపారం జోరుగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇన్నింగ్స్ మధ్య విరామం పది నిమిషాలే అంటారా? సగంమంది ఖాళీ చేతులతో గ్రౌండులోకి పోతారు. పోనివ్వండి. ఆకలితో ఉన్న ఫీల్డరు బంతి మీదకు బాగా దూకుతాడు.

కూలింగ్ ఛార్జీ మరవకండి. 20 రూపాయల సీసా మీద 20 అనే అచ్చేసి ఉంటుంది. ఎమ్మార్పీకి మించి తీసుకుంటే తూనికలు, కొలతల శాఖ కేసు రాస్తుంది. కానీ ఆ ఆఫీసర్లు అండర్-12 సెమీఫైనల్‌కి వస్తారా? చల్లదనానికి రెండు రూపాయలు వేయండి. మధ్యాహ్నానికి ఐసు కరిగి సీసా వెచ్చబడినా తగ్గించొద్దు. పొద్దున చల్లగానే ఉంది కదా!

చిల్లరకు బదులు చాక్లెట్ ఇవ్వండి. ఒకడు ఆ చాక్లెట్లన్నీ దాచి, ఆదివారం పట్టుకొచ్చి, “అంకుల్, వీటికి సమోసా ఇయ్యి” అన్నాడు. తీసుకోకండి. చాక్లెట్ ఇటునుంచి అటు పోతేనే డబ్బు, అటునుంచి ఇటొస్తే తిండి.

అన్నీ పది, ఇరవై రూపాయల్లోనే పెడితే చిల్లర గొడవే ఉండదని గుడాలక్క సలహా. గొడవ లేని వ్యాపారం కూడా ఒక వ్యాపారమేనా?

4. నీళ్లు దాచండి, ఐసు చూపించండి

ఇరవై లీటర్ల క్యాన్ బల్ల కింద పెట్టి గుడ్డ కప్పండి. ఊరికే నీళ్లు దొరుకుతుంటే సోడా ఎవడు తాగుతాడు? మే నెలలో మన ఊరి ఎండ 40 డిగ్రీలు దాటిందంటే దప్పిక దానంతటదే పెరుగుతుంది, మన పెట్టుబడి లేకుండా.

ఐసు మాత్రం ఘనంగా తేవాలి. తినే ఐసా, సరుకు చల్లబరిచే ఐసా అని అడక్కండి. అడిగితే ధర పెరుగుతుంది. చుట్టడానికి గోనెసంచులకు గంజ్‌లో కరువా? నిరుడు మేం ఎండుమిర్చి దించిన సంచిలోనే దిమ్మ చుట్టి తెచ్చాం. ట్రాలీ ఆటోలోంచి దించి, మెట్టు మీద పెట్టి, అయిదు కిలోల తూకపు రాయితో నాలుగు దెబ్బలు వేస్తే దిమ్మ నడిమికి పగిలింది. గోనె పీచు, రెండు తొడిమెలు, నాలుగు మిర్చి గింజలు ఐసులో అతుక్కుని ఎర్రగా మెరుస్తున్నాయి. కడగమన్నారు. కడిగితే కరగదూ? అలాగే నిమ్మకాయ నీళ్లలో వేశాం. మొదటి గ్లాసు తాగిన ఓపెనరుకు కళ్లలోంచి, ముక్కులోంచి ధారలు. రెండోవాడికి ఆగని దగ్గు. మూడోవాడు గ్లాసు వాసన చూసి, “అంకుల్, ఇది నిమ్మకాయ నీళ్లా, పచ్చిపులుసా?” అన్నాడు. వెంటనే మసాలా నింబూ అని పేరు మార్చి అయిదు రూపాయలు పెంచాం.

ఎండకు ఎవడైనా సొమ్మసిల్లితే తియ్యటి డబ్బా పానీయం ఏదో ఒకటి పట్టించండి. మొన్నమొన్నటిదాకా చక్కెర నీళ్ల డబ్బాల మీద కూడా ఓఆర్‌ఎస్ అని అచ్చేసుకునేవాళ్లు. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి వెంటపడ్డారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు తీసేయమంది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో ఉన్నదానికే ఆ పేరు దక్కుతుంది. లీటరు నీళ్లకు 20.5 గ్రాముల పొడి కలపాలి. అందులో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మిగతావి పొటాషియం క్లోరైడు, సిట్రేటు. మందుల షాపులో చవగ్గా దొరికే పొట్లం అది. అంత చవకది బల్ల మీద పెడితే మన పరువేం కాను?

అయినా భయం దేనికి, పక్కనే ఉస్మానియా ఆస్పత్రి ఉంది. దాని కొత్త భవనాలకు 2025 జనవరి 31న గోషామహల్ పోలీసు స్టేడియంలోనే శంకుస్థాపన చేశారు. ఆడుకునే జాగాలు తగ్గిపోతున్నాయని ఏడ్చేవాళ్లు, వార్డు ఎంత దగ్గరకొస్తోందో గమనించరు.

5. మంట లేనిదే వంట కాదు

పండ్లు, గుడాలు, మజ్జిగ... పొయ్యి అక్కర్లేని తిండి పెడితే స్టాల్‌కు కళ రాదు. మిర్చిబజ్జీ వేయాల్సిందే. ఇంట్లోంచి ఎర్ర సిలిండరు తెచ్చేయండి. 14.2 కిలోల ఇంటి సిలిండరు వ్యాపారానికి వాడకూడదు, దానికి 19 కిలోలది వేరే ఉందని ఎవరైనా అంటే, ‘ఇది వ్యాపారం కాదు, సేవ’ అనండి. లాభం లెక్క అడిగినప్పుడు మాత్రం ‘ఇది సేవ కాదు, వ్యాపారం, ఎత్తుపల్లాలుంటాయి’ అనండి.

పొయ్యి షామియానా గుడ్డకు ఆనించి పెట్టండి, గాలి తగలదు. ఇసుక బకెట్టు తెచ్చిపెడతానన్న కోచ్‌తో, ఇక్కడ లాంగ్‌జంప్ పోటీలు లేవని చెప్పండి. నూనె మూకుడు పిల్లలు నిలబడే వైపే ఉండాలి. వేడివేడిగా వేస్తున్నట్టు వాళ్లకు తెలియొద్దూ?

కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచండి. అందులో పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే పారబోయాలని 2018 నుంచి నిబంధన ఉంది. కొలిచే మీటరు మన దగ్గర లేదు కాబట్టి దాటలేదనే అనుకోవాలి. బజ్జీలు పాత పేపర్లలో చుట్టివ్వండి. సిరా కడుపులోకి పోతుందని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్దంటుంది. క్రీడల పేజీలో చుట్టండి, ఆటగాళ్లకు స్ఫూర్తి.

6. క్యూఆర్ కోడ్ మీదే పెట్టండి

లీగుకు బ్యాంకు ఖాతా ఉంటుంది, దాని పేరు మీద ఒక క్యూఆర్ స్టిక్కరు ఇస్తారు. ‘అతికించడానికి టేపు దొరకలేదు’ అని మీ ఫోన్లోది చూపించండి. సాయంత్రానికి సమోసాల డబ్బు, దుకాణానికి రావాల్సిన పప్పుల బాకీ, మేనకోడలు పంపిన కరెంటు బిల్లు డబ్బు అన్నీ ఒకే చోట కలగాపులగమైపోతాయి. ఎవరైనా అడిగితే ఫోన్ వాళ్ల చేతిలో పెట్టి, ‘మీరే చూసుకోండి’ అనండి. ఒక్కరూ చూడరు, మర్యాద అడ్డొస్తుంది. నోట్లకు రెండు జేబులు చాలు. కుడిది లీగుది, ఎడమది మీది. భోజనాల వేళకు ఏది ఏదో మరిచిపోండి.

గంజ్‌లో తక్‌పట్టీ లేకుండా పైసా కదలదన్నది నిజమే. తూకమెంత, ధరెంత, అడ్తి కమీషనెంత, హమాలీకెంత, తూకం వేసే దడవాయికెంత అన్నీ ఆ చీటీలో ఉండాల్సిందే. చదువురాని రైతు కూడా దాన్ని నలుగురికీ చూపించి చదివించుకుని గానీ బస్సెక్కడు. కానీ అక్కడ అవతల ఉన్నది పరాయివాడు. స్టాల్‌లో అంతా మనవాళ్లే. మనవాళ్ల దగ్గర చీటీ ఏమిటి, అవమానం కాకపోతే?

గుడాలక్క మాత్రం కూతురి పాత నోటుబుక్కు బల్ల మీద పెడుతుంది. ఒకటి అమ్మితే ఒక నిలువు గీత. నాలుగు గీతలయ్యాక అయిదోది వాటి మీదుగా అడ్డంగా. సీసాలు ఎన్ని వచ్చాయో పొద్దున రాస్తుంది, ఎన్ని మిగిలాయో తన వంతు అయ్యాక రాస్తుంది. ఆఖర్న ఇంకొకరిని పిలిచి, ఇద్దరూ కలిసి డబ్బు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఆ పేజీ ఫొటో తీసి గ్రూపులో పడేస్తుంది. ఎవరినీ నమ్మని మనిషి!

7. ఉద్దెర పెద్దలకే

కమిటీ పెద్దలు, కార్పొరేటరు గారి మనుషులు, అంపైరు గారి తమ్ముడు... వీళ్లకు ఉద్దెర ఇవ్వాల్సిందే. రాసుకోనక్కర్లేదు కూడా. పిల్లల దగ్గర మాత్రం నిక్కచ్చిగా ఉండాలి.

మా లీగులో ఎడమచేతి స్పిన్నరు ఒకడున్నాడు. వాళ్ల నాన్న మా గల్లీలోనే హమాలీ, యాభై కిలోల బస్తా వీపున వేసుకుని మెట్లెక్కుతాడు. విరామంలో అందరూ బల్ల చుట్టూ మూగితే ఈ పిల్లాడు కుళాయి దగ్గర కూర్చుని లేసులు కట్టుకుంటుంటాడు. కట్టిన లేసే విప్పుతాడు, మళ్లీ కడతాడు. అలాంటివాణ్ణి గట్టిగా పిలిచి, “ఏందిరా, పైసల్లేవా?” అని నలుగురిలో అడగడం మన బాధ్యత. లోకం తెలియాలి కదా.

గుడాలక్క దాన్నీ చెడగొట్టింది. కమిటీతో మాట్లాడి, ఆడే ప్రతి పిల్లకూ, పిల్లాడికీ మ్యాచ్‌కొక చీటీ ఇప్పించింది. చీటీ ఇస్తే ఒక గ్లాసు మజ్జిగ, ఒక దొన్నె గుడాలు. ఉన్నవాడికీ అదే చీటీ, లేనివాడికీ అదే చీటీ. ఇప్పుడు ఎవడి జేబులో పైసలున్నాయో, ఎవడి జేబులో లేవో కనిపెట్టే దారే లేదు. స్పిన్నరు కూడా వచ్చి వరసలో నిలబడుతున్నాడు, తోసుకుంటున్నాడు, ఉల్లిపాయలు ఎక్కువెయ్యమని దబాయిస్తున్నాడు. క్రమశిక్షణ ఎటు పోతోందో మీరే చెప్పండి.

8. మీవాడు బ్యాటింగుకొస్తే దుకాణం బంద్

ప్రతి తండ్రికీ కొడుకులో ఒక సిరాజ్ కనిపించాలి. ఆటో నడిపిన మహమ్మద్ గౌస్ గారి కొడుకు 2020 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో టెస్టు ఆడాడు. హోల్‌సేల్ దుకాణం ఉన్న మన కొడుకు ఆడడా? కాబట్టి మీవాడు గార్డు తీసుకోగానే మూకుడు అలాగే వదిలేసి, క్యూలో వాళ్లను అలాగే వదిలేసి సైట్‌స్క్రీన్ దగ్గరికి పరుగెత్తండి. ‘మోచెయ్యి పైకి! పైకి!’ అని అరవండి. కోచ్ చెప్పేదానికి ఎదురు చెబితేనే లాభం. పిల్లాడికి రెండు పక్షాలూ తెలుస్తాయి.

ఓవరు మధ్యలో అంపైరుకు చాయ్ పంపండి, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు. మొదటి ఎల్బీ అప్పీలుకు అవతలివాళ్లు మీ వైపు చూస్తారు. ఔటిచ్చాడా, మధ్యాహ్నం చాయ్‌లో చక్కెర ఉండదు. మీవాడు తల వంచుకుని పెవిలియన్‌కు వస్తూ, ‘నాన్నా, నువ్వు స్టాల్‌కి రావొద్దు’ అంటే, అది ఔటైన బాధలో అన్నమాట. పట్టించుకోకండి.

9. చెత్త గాలికి వదిలేయండి

ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అందుకని కొందరు మోదుగాకు దొన్నెలు కట్టలుగా కొంటారు, ఇంటి నుంచి స్టీలు గ్లాసులు తెచ్చి బకెట్లో కడుగుతుంటారు. చూడ్డానికి పెళ్లిభోజనంలా ఉంటుంది. మీరు దుకాణంలో మిగిలిన పాత ప్లాస్టిక్ సరుకే వాడండి, అదీ ఖాళీ అవుతుంది. చెత్తబుట్ట పెట్టొద్దు. మే నెల సాయంత్రం గాలిదుమారం రానే వస్తుంది. మా లీగు సెమీఫైనల్‌లో ఫైన్‌లెగ్ ఫీల్డరు గాల్లోకి ఎగిరి, రెండు చేతులా ఒక ప్లేటు పట్టాడు. బంతి వాడి కాళ్ల పక్కనుంచి నాలుగుకు పోయింది. జనం అంత నవ్వు ఏ మ్యాచ్‌లోనూ నవ్వలేదు.

10. లెక్క అడిగితే అలగండి

సీజన్ అయ్యాక మీటింగు పెడతారు. ‘అన్నా, స్టాల్ లెక్క?’ అని ఎవరో నెమ్మదిగా అంటారు. ఒక్క క్షణం ఆగి, ‘నన్ను నమ్మరా?’ అనండి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు మన దేశంలో ఇంకా పుట్టలేదు. ఎవడూ నోరెత్తక ముందే లేచి చెప్పులేసుకోండి. గుమ్మం దాకా నలుగురు వచ్చి బతిమాలతారు. అప్పుడు కూడా ఒక అంకె చెప్పొద్దు. ‘ఏదో కొద్దిగా మిగిలింది, సర్దుతాను’ అనండి. సర్దడానికి గడువు లేదు.

తరచూ అడిగే ప్రశ్నలు

స్టాల్‌కు రిజిస్ట్రేషను కావాలా?
చిన్న తిండి వ్యాపారాలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషను ఉంది, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆ డబ్బుతో పది సమోసాలొస్తాయి. సమోసా కనిపిస్తుంది, రిజిస్ట్రేషను కనిపించదు.

నాకు జ్వరం, దగ్గు. స్టాల్‌కు రావొచ్చా?
తప్పకుండా రండి. మజ్జిగ మీరే కలపండి. త్యాగం అందరికీ తెలియాలి.

చేతులు కడుక్కోవాలంటే నీళ్లెక్కడ?
బల్ల కింద క్యాన్‌లో ఉన్నాయి. కానీ గుడ్డ తీయకండి, పిల్లలు చూస్తారు.

ఆఖరి మాట

ఈ సూత్రాలన్నీ పాటించినా మా కమిటీ వచ్చే ఏడు స్టాల్‌ను గుడాలక్కకు అప్పజెప్పింది. అసూయకు మందు లేదు. మీటింగులో ఆవిడ నోటుబుక్కు తెరిచి చదివింది. ఇంత వచ్చింది, సరుకుకు ఇంత పోయింది, మిగిలినదాంతో వికెట్‌కీపింగ్ గ్లవ్స్ ఒక జత, ఎడమచేతి స్పిన్నరుకు బూట్లు, వచ్చే ఏడు ఆరుగురి ఫీజు. చివర నిల్వ సున్నా. సున్నా మిగిల్చిన మనిషికి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు! అదే నా దగ్గర బస్తాలకు బస్తాలు బూందీ నిల్వ ఉంది, దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి నేనో నిర్ణయానికొచ్చాను. వచ్చే ఎండాకాలం గ్రౌండు గేటు ఎదురుగా నా సొంత బండి పెడుతున్నాను. లాభమంతా నాదే, లెక్క ఎవరికీ చెప్పనక్కర్లేదు. దానికి ఈ కింది ప్రకటన:

వాలంటీర్లు కావలెను. పొద్దున ఆరింటి నుంచి చీకటి పడేదాకా నిలబడగలగాలి. పిల్లల తల్లిదండ్రులకు ప్రాధాన్యం. జీతం లేదు, సేవాభావం తప్పనిసరి. నోటుబుక్కు వెంట తెచ్చుకునేవారు దరఖాస్తు చేయనవసరం లేదు.